చెవుల గది

జూన్ 4

ఉద్యోగం దొరికింది. ఆయనే ఇప్పించాడు. కంపెనీకి వెళ్ళి, "నా గొంతు ఎలాగూ తీసుకున్నారు, మా ఆవిడ చెవులు కూడా తీసుకోండి" అన్నాడట. వాళ్ళు నవ్వి, పంపించమన్నారట. ఇంటికొచ్చి ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా నవ్వాను. చివరిసారి నవ్వు సరిగ్గా రాలేదేమో.

తలుపు తగిలింది. ఎడమ దవడ.

జూన్ 6

ఈ ఊళ్ళో ఆయన గొంతు వినకుండా రోజు గడవదు. లిఫ్టు ఎక్కితే ఆయనే, బస్సు ఎక్కితే ఆయనే, బ్యాంకుకు ఫోన్ చేస్తే ఆయనే. రేడియోలో వార్తలు చదివే రోజుల్లో కంపెనీవాళ్ళు గాజు గదిలో కూర్చోబెట్టి ఏవేవో చదివించుకున్నారు. తనకేదో సన్మానం జరుగుతున్నట్టు కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆయన జన్మలో అనని మాటలు కూడా మిషను ఆయన గొంతుతో అనేస్తుంది. రేడియోవాళ్ళకీ అదే చాలింది. మనిషిని ఇంటికి పంపేశారు.

అందుకే కోపం. మనిషి చెడ్డవాడు కాదు. తన గొంతు తనకి కాకుండా పోతే ఎవరికైనా మండుతుంది.

లిఫ్టులో "దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అని వినబడితే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళొచ్చినా భయం పోలేదు దీనికి.

జూన్ 10

పని సులువే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవాలి. ముక్కలు వస్తాయి. ఎవరిదో ఇల్లు, ఎవరివో గొంతులు. విని ఒక బటన్ నొక్కాలి: ప్రమాదం, మామూలు, లేకపోతే టీవీ. మేం నొక్కేది చూసి మిషను నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక దాన్ని చిన్న పెట్టెలో పెట్టి ఇళ్ళలో గోడలకు బిగిస్తారు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అదే విని పోలీసుల్ని పిలుస్తుంది. గోడలకు చెవులుంటాయని పెద్దవాళ్ళు అంటే మాటవరసకనుకున్నాం.

మాది చెవుల గది అంటారు ఆఫీసులో. అందరం ఆడవాళ్ళమే. నా పక్క సీటు టీచరమ్మది. బళ్ళో లెక్కలు చెప్పేది, ఇప్పుడు అవి మిషనే చెబుతోందని ఇటు వచ్చింది. "మిషను నా పని లాక్కుందని ఏడ్చాను. ఇప్పుడు దానికే పాఠాలు చెబుతున్నా, చూడు నా రాత" అని నవ్వుతుంది. మంచి మనిషి.

మా సారు చెప్పింది కూడా రెండు ముక్కల్లో తేలిపోయింది. "ఆలోచించొద్దమ్మా. మీ చెవికి ఏదనిపిస్తే అది. ముక్కకి ముగ్గురు వింటారు, ఇద్దరు అన్నదే ఖాయం. నొక్కాక మాత్రం వెనక్కి వెళ్ళడానికి ఉండదు."

జూన్ 18

ఇవాళ ఒక ముక్క. కుర్చీ జరిగిన చప్పుడు, చెంపదెబ్బ, ఇంకోటి, పళ్ళెం కిందపడటం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆడమనిషి గొంతు, మామూలుగా: "ఇంకొంచెం వడ్డించనా?"

మామూలు నొక్కాను. చెంపదెబ్బ పడని ఇల్లుంటుందా? దానికే పోలీసులొస్తే ఊళ్ళో సగం మగాళ్ళు స్టేషన్లోనే భోంచెయ్యాలి. టీచరమ్మకీ అదే ముక్క వచ్చిందట. "దెబ్బ తర్వాత వడ్డించిందంటే మామూలేనమ్మా, అది గుర్తు పెట్టుకో" అంది.

ఇంకో ముక్కలో మగాడు అరిచాడు. ఒక్కసారే. ఎందుకో తెలియదు, ముక్క అక్కడితో ఆగిపోయింది. ప్రమాదం నొక్కాను, చెయ్యి దానంతటదే వెళ్ళింది. గదిలో ఆ ముక్క ఎవరికొచ్చినా అదే నొక్కారు. ఆడదాని ఏడుపు రోజూ వినేదే. మగాడు అరిచాడంటే ఏదో అయ్యిందనే.

సారు చాలా సంతోషించాడు. ఇంత ఒక్క మాట మీద ఉండే గది కంపెనీలో ఇంకెక్కడా లేదట.

జూలై 2

ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. నా జుట్టు దువ్వాడు. నిజంగా, దువ్వెన తీసుకుని వెనక కూర్చుని. పాప నోరు తెరుచుకుని చూసింది.

"ఇంతకీ మీ పెట్టె దేనికి మోగుతుందోయ్?" అన్నాడు.

చెప్పాను. నా పని గురించి ఎవరైనా అడగడం అదే మొదలు, నోరు ఆగలేదు. మగాడి అరుపుకి ఖాయంగా మోగుతుందన్నాను. ఆడది ఏడిస్తే మోగదు, దెబ్బ చప్పుడొక్కటీ వింటే మోగదు.

"కాపాడండి అని అరిస్తే?"

"అలా అరిచేది సీరియళ్ళలోనే. టీవీ అని నొక్కేస్తాం. నిజంగా దెబ్బలు తినేవాళ్ళు అలా అరవరుగా."

"భలే దానివి" అని నా చెవి మీద ముద్దు పెట్టాడు.

జూలై 12

మా బిల్డింగులో అన్ని ఇళ్ళకీ పెట్టెలు బిగించారు. మాకు హాల్లో, గడియారం కింద. పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది, మోగితే ఎర్రది. బిగించినతను ఏదో నొక్కి చూపించాడు. "భయపడకండి. సహాయం వస్తోంది" అంది పెట్టె.

ఆయన గొంతే.

అత్తయ్య చెవి మిషను సర్దుకుని, "మా అబ్బాయి పిలిచినట్టుందే" అంది. ఆయన అక్కడే సోఫాలో కూర్చుని ఉన్నాడు. మొహం నల్లబడింది. నాకెందుకో నవ్వొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

పెట్టె వచ్చింది కాబట్టి ఇక తలుపులు తగలవు.

జూలై 20

పాప బడి బూట్లు దారికి అడ్డంగా ఉన్నాయట.

ముందు టీవీ కట్టేశాడు. కిటికీ మూశాడు. తువ్వాలు ఉండ చుట్టి నా నోట్లో కుక్కాడు, గొంతు దాకా. తర్వాత కొట్టాడు. పొట్టలో, నడుం మీద, మెత్తగా ఉన్న చోటల్లా. కొడుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. రేడియోలో మాట్లాడినట్టు, నిదానంగా, ఒక్క అక్షరం తేడా రాకుండా. "బూట్లు బూట్ల చోట ఉండాలి. ఉంటాయా? ఉంటాయి కదా." అత్తయ్య చెవి మిషను తీసి, బల్ల మీద పెట్టి, అటు తిరిగి కూర్చుంది. ఎప్పుడూ అంతే చేస్తుంది.

నేను గడియారం కిందికి చూస్తూనే ఉన్నాను. పచ్చ లైటు.

జూలై 21

ఆఫీసులో తలుపు తగిలిందని చెప్పాను. టీచరమ్మ ఏమీ అడగలేదు.

జూలై 22

పెట్టె పాడైందేమో.

జూలై 26

ఆయన బయటికి వెళ్ళాడు. పాప బడికి వెళ్ళింది. పెట్టె ముందు నిలబడి నా చెంప మీద నేనే కొట్టుకున్నాను. ఇంకా గట్టిగా కొట్టుకున్నాను. పింగాణీ పళ్ళెం విసిరాను. ఏడ్చాను, నిజంగానే వచ్చింది ఏడుపు. "కాపాడండి" అని అరిచాను కూడా. చాలాసేపు. పెదవి చిట్లి రక్తం కారింది.

పచ్చ లైటు.

పాడవలేదు. చక్కగా పనిచేస్తోంది. నేను చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతోంది.

అత్తయ్య లోపలి గదిలోనే ఉంది. చప్పుళ్ళన్నీ అయ్యాక బయటికొచ్చింది, మిషను పెట్టుకునే ఉంది. విరిగిన ముక్కలు ఏరుతూ, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. వాడు వచ్చేలోగా ఊడ్చెయ్" అంది.

జూలై 28

పోలీసులకు ఫోన్ చెయ్యొచ్చు కదా అని టీచరమ్మనే అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. వాళ్ళ పక్కింటావిడ చేసిందట. "మీ ఇంటి పెట్టె పచ్చగానే ఉందిగా, ఏమీ కాలేదని చెబుతోంది" అన్నారట వాళ్ళు. పెట్టెలు లేనప్పుడు కనీసం వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళేవాళ్ళు.

ఆగస్టు 1

వారమంతా దెబ్బ వినబడిన ప్రతి ముక్కకీ ప్రమాదం నొక్కుతున్నాను. చేతికి పట్టిన అలవాటు, ఆపుకుని ఆపుకుని నొక్కుతున్నాను. ఏం లాభం? మిగతా ఇద్దరూ మామూలంటారు, నాది కొట్టుకుపోతుంది.

సారు పిలిచాడు. "మీ చెవులకు ఏమైందమ్మా? గదంతా ఒక మాట, మీదొక మాట. ఇలాగైతే మిషను మిమ్మల్నే తప్పని తీసేస్తుంది. నా చేతిలో ఏమీ లేదు."

బయటికొచ్చి టీచరమ్మని బతిమాలాను. నువ్వొక్కదానివి నాతో కలిస్తే చాలు, ముగ్గురిలో ఇద్దరమవుతాం. గదిలో నలుగురు మారితే మిషనూ మారుతుంది.

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "నువ్వన్నట్టు నొక్కితే మా ఇంటి పెట్టె కూడా మోగుతుందే. రోజూ మోగుతుంది. ఆయన్ని పట్టుకుపోతే నేనెక్కడికి పోను?"

ఆమెకీ తలుపులు తగులుతాయని అప్పుడు తెలిసింది. ఆ గదిలో తలుపులు తగలనిదెవరికో చూద్దామని తిరిగి వెళ్ళి అందరి మొహాలూ చూశాను. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

ఆగస్టు 5

కంపెనీలో ఎవరో ఆయనకి చెప్పారు, మీ ఆవిడ సరిగ్గా పనిచెయ్యడం లేదని. నా పరువు తీశావన్నాడు. తువ్వాలు. ఈసారి వేలు. చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచాడు, నిదానంగా, మాట్లాడుతూనే. విరిగిన చప్పుడు పెన్సిల్ విరిగినంతే వినబడింది. ఆ ముక్క నాకే వస్తే పిల్లలు ఆడుకుంటున్నారనుకుని మామూలు నొక్కేదాన్ని.

పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది. తన రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. అలా చెయ్యమని దానికెవరూ చెప్పలేదు.

ఎడమ చెయ్యి కాబట్టి రాయగలుగుతున్నాను.

ఆగస్టు 8

పాపకి తలుపు తగిలింది.

కాదు. తలుపు కాదు. ఏ రోజూ తలుపు కాదు. ఈ పుస్తకాన్ని కుట్టు మిషను సొరుగులో దాస్తాను, ఎవరూ చూడరు, అయినా దీనికి కూడా అబద్ధం చెబుతున్నాను. ఆయనే. దవడ మీద ఆయనే, నడుం మీద ఆయనే, వేలు ఆయనే. పాప చెవి కింద ఐదు వేళ్ళూ అచ్చు పడ్డాయి, అవీ ఆయనవే.

ఆగస్టు 16, అక్క ఇంట్లో

ఇప్పుడు రాయగలను.

ఆ సాయంత్రం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మర్నాడు పొద్దున కంపెనీకి వెళ్ళి మళ్ళీ గొంతు ఇస్తానని అడుగుతాడట. ఉన్న గొంతు చాలని వాళ్ళు ముందే చెప్పారు, అయినా వెళ్తాడట. పాప బొమ్మలతో ఆడుకుంటోంది. అట్టపెట్టె లిఫ్టు, అందులో బొమ్మలు. ఆటలో పడి, లిఫ్టులో వినబడేది అచ్చు అలాగే అనేసింది. "దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి." ముద్దుగా ఉంది. నేను నవ్వాను కూడా.

ఆయన లేచాడు. "నువ్వు కూడానా?" అన్నాడు. రేడియో గొంతుతోనే అన్నాడు.

దాన్ని మెడ పట్టుకుని సోఫా మీదికి విసిరి, దిండు తీసి మొహం మీద పెట్టి అదిమాడు. మోకాలు దాని ఛాతీ మీద. "ఎవరి గొంతది? చెప్పు, ఎవరిది?" అని అడుగుతూనే ఉన్నాడు. దిండు కింద అది ఎలా చెబుతుంది? కాళ్ళు కొట్టుకున్నాయి. ఒక చెప్పు ఎగిరి నా దగ్గర పడింది. ఆయన వీపు మీద పడి లాగాను, మోచేత్తో నా ముక్కు మీద పొడిచాడు. మళ్ళీ లాగాను. కదల్లేదు. అత్తయ్య చెయ్యి చెవి మీదికి పోయింది. పాప కాళ్ళు నెమ్మదించాయి.

గడియారం కింద పచ్చ లైటు.

అప్పుడు చెవుల గది గుర్తొచ్చింది. మగాడు అరిస్తే ప్రమాదం. అందరం ఒకే మాట మీద నేర్పింది అదొక్కటే.

ఇస్త్రీ పెట్టె తీసుకున్నాను. ఆయన చెంప మీద ఆనించాను. ఆనించి అదిమాను, ఆయన దిండుని అదిమినట్టే. చర్మం చుర్రుమంది. ఆ వాసన ఇంకా నా చేతులకుంది, ఎన్నిసార్లు కడిగినా.

అరిచాడు. ఆ మనిషి అంత గట్టిగా అరవగలడని పెళ్ళైనప్పటి నుంచీ నాకు తెలియదు. గడియారం కింది పెట్టె ఎర్రబడింది. "భయపడకండి. సహాయం వస్తోంది" అంది ఆయన గొంతుతో. కింద ఆయన పొర్లుతూ అరుస్తున్నాడు, గోడ మీద ఆయనే నిదానంగా ధైర్యం చెబుతున్నాడు. ఆయన లేవబోతే మళ్ళీ పెట్టాను, ఈసారి మెడ మీద. ఈ రెండోది అక్కర్లేదు. అప్పటికే పాపకి ఊపిరి ఆడుతోంది. తెలిసే పెట్టాను. రాసుకోవాలి కదా.

పోలీసులు చిటికెలో వచ్చారు. పెట్టె వాళ్ళకి ముందే చెప్పేసింది: దెబ్బ తిన్నది మగమనిషి. అందుకని తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళారు. నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్న పోలీసావిడ, "ఎందుకమ్మా, ఇంత పని చేశావు?" అంది. పాప వైపు చూపించాను. పాప చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. ఏమైందని ఎన్నిసార్లు అడిగినా చేతులు తియ్యలేదు.

అత్తయ్యని అడిగారు. ఆమె గుప్పిట తెరిచి చెవి మిషను చూపించింది. "తీసేశాను బాబూ. నాకేం వినబడలేదు."

ఆగస్టు 18

అక్క పూచీ ఇచ్చి విడిపించింది. విచారణ అయ్యేదాకా పాప నా దగ్గరే. తర్వాత సంగతి ఆ ముక్కని బట్టి ఉంటుందన్నాడు వకీలు. పెట్టె విన్నదంతా కోసి చెవుల గదికి పంపుతారట, ఎవరిదో చెప్పకుండా. నేను ఇస్త్రీ పెట్టె ఎత్తకముందు ముక్క ప్రమాదమని తేలితే బిడ్డని కాపాడుకున్నట్టు. మామూలని తేలితే ఊరికే కూర్చున్న మొగుణ్ణి కాల్చినట్టు. అప్పుడు పాప వాళ్ళ నాన్న దగ్గరికే.

అక్క సంతోషపడింది. "మీ గదివాళ్ళేగా వినేది? నీ గొంతు తెలీదా వాళ్ళకి?" అంది.

నిజమే. టీచరమ్మ ఉంది.

సెప్టెంబరు 2

టీచరమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాదు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది.

"నాకే వచ్చిందే. మొదటి ముక్క. దిండు చప్పుడు, అదేదో పరుపు సర్దుకున్నట్టుంది. మగాయన వినబడీ వినబడనంత మెల్లగా ఏదో అడుగుతున్నాడు. అంత మెల్లగా మాట్లాడితే ఏముంటుందిలే అని..."

"ఏం నొక్కావు?"

"రోజుకి ఎన్ని వస్తాయో నీకు తెలుసుగా. చెయ్యి దానంతటదే..."

"ఏం నొక్కావే?"

"నొక్కాక, చివర్లో నీ ఏడుపు వినబడింది. నీ ఏడుపు నాకు తెలుసు, ఆఫీసు బాత్రూంలో విన్నాను. వెనక్కి వెళ్దామని ఎంత కొట్టుకున్నానో. వెళ్ళనివ్వదుగా."

కొట్టాను ఆమెని. చెంప మీద, చాలా గట్టిగా. నా చెయ్యి మండింది. ఆమె చెంప పట్టుకుని తల దించుకుంది. ఒక్క చప్పుడు చెయ్యలేదు. కాసేపటికి మామూలు గొంతుతో, "చెయ్యి నొప్పెట్టిందా?" అంది.

ఆమెని పట్టుకుని ఇద్దరం ఆ గుమ్మంలోనే కూలబడ్డాం. మిగిలిన ఇద్దరూ ఏం నొక్కారో ఆమెకి తెలియదు. నాకు తెలుసు. ఆ గదికి నేనూ పాఠం చెప్పాను.

సెప్టెంబరు 4

రేపు విచారణ.

పాప అక్క ఇంట్లో పరిగెత్తుతూ తలుపుకి గుద్దుకుంది. నిజంగా తలుపే, నా కళ్ళతో చూశాను. నుదురు చిట్లింది. రక్తం కంట్లోకి కారుతోంది. అది ఏడవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని, తలెత్తి, పెట్టె ఎక్కడుందా అని గోడలన్నీ వెతికింది.

దాని చేతులు పట్టుకుని కిందికి దించాను. "ఇక్కడ పెట్టె లేదమ్మా. గట్టిగా అరువు."

తల అడ్డంగా ఊపింది.

"నొప్పిగా ఉందా?"

ఉందంది.

"అయితే అరువు."

చిన్నగా, పిల్లికూనలా ఏదో అంది.

"అది మామూలు. ఎవరూ రారు దానికి. నాన్న అరిచినట్టు అరువు."

నా మొహంలోకి చూసింది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది. అరిచింది. వంటింట్లో అక్క గిన్నె జారవిడిచి పరిగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్ళు తలుపు బాదారు, కింద వీధిలో ఎవరో ఆగి ఏమైందని కేకేశారు. నేను దాని చేతులు వదల్లేదు. ఇంకా అరవమన్నాను.